బొమ్మలో లెక్కలు... ఇంట్లో చిక్కులు!

‘రెయిన్‌మేన్’ చూశారు కదూ? 1988లో వచ్చిన హాలీవుడ్ బొమ్మ. నేలమీద పడ్డ టూత్‌పిక్కుల్ని ఒక్క చూపులో లెక్కపెట్టేసే అన్నయ్యగా డస్టిన్ హాఫ్‌మన్ నటించాడనడం తక్కువ మాట, జీవించాడు! ఆస్కార్ కూడా కొట్టేశాడు. ఆటిజం అనే మాట ఎంతోమంది చెవిన పడింది ఆ బొమ్మ పుణ్యమా అనే.

పుణ్యంతోపాటు ఓ చిక్కూ వచ్చింది. మా అక్క కొడుక్కి ఆటిజం అనగానే, “అయితే లెక్కల్లో దిట్టా?” అని అడుగుతారు. అలాంటి ప్రతిభ కొద్దిమందికే ఉంటుంది. పదకొండేళ్ల మావాడు లెక్కలంటే ఆమడ దూరం పరిగెడతాడు. మిక్సీ మోతకి చెవులు మూసుకుంటాడు. రోజూ వెళ్లే దారి మారితే కంగారుపడిపోతాడు. ఆకలేస్తే నోటితో చెప్పడు, నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళతాడు.

మూడేళ్లొచ్చినా వాడికి మాటలు రాకపోతే, ఇంటికొచ్చినవాళ్లంతా డాక్టర్లైపోయారు. “మగపిల్లలకి ఆలస్యంలే” అని ఒకరు, “దిష్టి తీయండి” అని మరొకరు. “తల్లి పెంపకం అలా ఉంది” అన్న మాట మాత్రం అక్క గుండెలో ముల్లులా దిగింది.

ఈ నింద మన ఊళ్లో పుట్టింది కాదు సుమండీ! 1943లో లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో పదకొండుమంది పిల్లల్ని చూసి ఆటిజం గురించి రాశాడు. తర్వాత చాలా ఏళ్లు, తల్లి ప్రేమ చాలకే ఇలా అవుతుందని అక్కడి పెద్ద పెద్దవాళ్లే అన్నారు. దాన్ని ఎదిరించినవాడు బెర్నార్డ్ రింలాండ్. సైకాలజిస్టు, పైగా ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రి. తప్పు తల్లిది కాదు, సంగతి మెదడులో ఉందని 1964లో పుస్తకం రాశాడు. మరుసటేడు తల్లిదండ్రుల్ని కూడగట్టి సంఘం పెట్టాడు. ‘రెయిన్‌మేన్’కి సలహా చెప్పినవాళ్లలో ఆయనా ఉన్నాడు! మన ఢిల్లీలో 1991లో ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ మొదలుపెట్టిన మెర్రీ బరువా కూడా ఓ అమ్మే.

మరి మనవాళ్లు ఎక్కడికెళ్లాలి? సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచీ కేంద్రప్రభుత్వ సంస్థ ఉంది. పాతవాళ్లు ఎన్.ఐ.ఎం.హెచ్. అంటారు, ఇప్పటి పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. పిల్లల్ని పరీక్షించడమే కాదు, ఇంట్లో ఏం చేయించాలో తల్లిదండ్రులకీ నేర్పుతారు. చాలా జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో డి.ఇ.ఐ.సి. అనే పిల్లల కేంద్రాలున్నాయి. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. కాబట్టి సర్టిఫికెట్టు, యు.డి.ఐ.డి. కార్డు తీసుకోవచ్చు. నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యఖర్చు భరిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఓ రాత్రి అక్క అడిగింది. “మా తర్వాత వీణ్ణెవరు చూస్తారురా తమ్ముడూ?”

దానికీ దారుంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి అవసరమైతే జిల్లా కలెక్టరుండే కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. ఆ రోజొస్తే అర్జీలో నా పేరే రాయమన్నాను. ఇప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నారు. పెళ్లిచూపుల్లో కాఫీ చల్లారేలోపు ఈ మాటే ముందు చెబుతాను. ఒప్పుకున్న అమ్మాయే నా హీరోయిన్!

ఇక మీతో ఓ మాట. మావాడికి సినిమా అంటే ప్రాణం. పాటొస్తే లేచి గంతులేస్తాడు, ఫైటొస్తే చెవులు మూసుకుంటాడు. అమెరికాలో కొన్ని హాళ్లలో ఇలాంటి ప్రేక్షకుల కోసమే సౌండు తగ్గించి, లైట్లు పూర్తిగా ఆర్పకుండా ప్రత్యేక ఆటలు వేస్తారు. మన ఊరి హాలువాళ్లని మీలాంటి కుర్రకారు అడిగితే కాదంటారా? అందాకా, మీ పక్కసీట్లో ఓ పిల్లాడు చేతులాడిస్తూ ఊగుతుంటే “ఏయ్, కూర్చో” అని కసరకండి. హీరో ఎంట్రీకి మనం కాగితాలు ఎగరేస్తే తప్పులేనప్పుడు, పాటకి వాడేసే గంతు తప్పెలా అవుతుంది చెప్పండి?