సగం పాయింట్

మా బేటీ విజయవాడ టోర్నమెంటులో ఆఖరి రౌండ్ నుంచి తెచ్చింది సగం పాయింటే. దాని మీద మా ఇంట్లో వారం నుంచి గుఫ్తగూ నడుస్తోంది.

ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి రేటింగ్ 1870. మా పిల్లది 1470. 400 ఫరక్ అంటే, హిసాబ్ ప్రకారం పది ఆటలాడితే తొమ్మిది పాయింట్లకు పైగా ఆయనవే. పదో తరగతి కదా, ఇదే ఆఖరి టోర్నమెంటు అని నేను ముందే హుకుం జారీ చేశాను. ఓడిపోతే నా మాటకు ఇంకాస్త బలం వస్తుందని లోపల్లోపల అనుకున్నాను కూడా. ఝూట్ ఎందుకు చెప్పాలి.

తల్లిదండ్రుల్ని హాల్లోకి రానివ్వరు. తలుపు అద్దంలోంచి చూస్తున్నా. మూడు గంటలు దాటింది. ఆయన దగ్గర ఊంట్, రెండు ప్యాదాలు. దీని దగ్గర ఒక్క ఘోడా. చూస్తుండగానే ఆ ఘోడాని ఒక ప్యాదా కోసం ఇచ్చేసింది! యా అల్లా, అయిపోయింది అనుకున్నా. చూడలేక చాయ్ తాగడానికి వెళ్లిపోయా.

తిరిగొచ్చేసరికి చేతులు కలుపుతున్నారు. డ్రా!

ఆ పెద్దమనిషి బయటికొచ్చి, "పాపకి ఇది ఎవరు నేర్పారండీ?" అనడిగారు. ఘోడా ఎలా దూకుతుందో తప్ప నేను నేర్పిందేం లేదు. నవ్వి ఊరుకున్నా. ఆ ఒక్క ఆటలో ఆయనకి 8.4 పాయింట్లు పోయాయి, దీనికి 16.8 వచ్చాయి. పిల్లల హిసాబ్ రెట్టింపట.

రైల్లో మడత బోర్డు తీసి చూపించింది. "మిగిలిన ప్యాదా అంచు వరసది అబ్బా. అది వజీర్ అయ్యే మూల నల్లగడి. అంకుల్ ఊంట్ తెల్లగళ్లలోనే తిరుగుతుంది. నా బాద్షా ఆ మూలలో కూర్చుంటే ఎవరూ లేపలేరు. మరీ దగ్గరికొస్తే నాకు కదిలే చోటుండదు, షహ్ కూడా ఉండదు. అదీ డ్రానే. అందుకే ఘోడాని ఇచ్చేశా."

చుట్టూ ఖాళీ గళ్లు, మూలలో ఒంటరి బాద్షా. నేను అద్దంలోంచి హార్ అనుకున్నది ఇదే.

పావులు డబ్బాలో వేస్తూ అడిగింది: "ఘోడా ఇవ్వగానే తలుపు వైపు చూశాను. మీరెక్కడికి వెళ్లారబ్బా?"