నడిచేవాళ్లకూ ఓ దారి

ట్రాఫిక్ మెరుగుదల అనగానే ఫ్లైఓవర్లూ, రోడ్ల వెడల్పూ గుర్తొస్తాయి. నడిచేవాళ్లు ఆ లెక్కలోకి రారు. రోడ్డు వెడల్పయినకొద్దీ కారుకు దూరం తగ్గుతుంది, కాలికి పెరుగుతుంది.

హైదరాబాద్‌లోని ఉప్పల్ కూడలినే చూడండి. వరంగల్, నాగోలు, రామంతాపూర్, సికింద్రాబాద్... నాలుగు వైపులా వాహనాలే. బ్యాగులు మోసే పిల్లలూ, కూరల సంచులతో ఇల్లాళ్లూ, మోకాళ్ల నొప్పులతో పెద్దవాళ్లూ అవతలికి చేరాలంటే చెయ్యి అడ్డంపెట్టి, దేవుడి మీద భారం వేసి పరుగెత్తాల్సి వచ్చేది.

2023 జూన్‌లో అక్కడ ఆకాశ వంతెన ప్రారంభమైంది. హెచ్‌ఎండీఏ సుమారు 25 కోట్ల రూపాయలతో కట్టింది. పొడవు 600 మీటర్లకు పైనే. అన్ని వైపులా మెట్లున్నాయి, మెట్రో స్టేషన్‌కూ దారుంది. లిఫ్టులూ, ఎస్కలేటర్లూ పెట్టారు.

అసలు సంగతి వాటిలోనే ఉంది. లిఫ్టు నడిస్తేనే పెద్దావిడకు అది వంతెన. ఆగితే గోడ. మళ్లీ కిందికి, బస్సుల మధ్యకి రావాల్సిందే. కట్టడం ఒక్కసారి పని, నడపడం రోజూ పని.

అందుకే వార్డులో అభివృద్ధి పనుల జాబితా చదివినప్పుడు ‘ఎన్ని కోట్లు?’ అని అడిగి ఊరుకుంటే చాలదు. ‘మా బామ్మ ఒక్కతే రోడ్డు దాటగలదా?’ అనీ అడగాలి.