బొమ్మల కథలు – భిన్నరుచులు

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు మన పెద్దలు. భోజనం విషయంలో ఈ మాటను అందరూ అంగీకరిస్తారు. కాకరకాయ కూర ఒకరికి ప్రియమై, మరొకరికి అప్రియమైనంత మాత్రాన తగవు పుట్టదు. బొమ్మల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ఔదార్యం మనలో కనబడదు. నచ్చని బొమ్మను చూసి “ఇది నాకు రుచించలేదు” అనేవారు అరుదు, “ఇదీ ఒక బొమ్మేనా?” అనేవారే ఎక్కువ. రుచించకపోవడం వేరు, బాగుండకపోవడం వేరు. ఈ భేదాన్ని గుర్తించకపోతే ఎంత నష్టం కలుగుతుందో మా ఇంట్లో జరిగిన ఒక వాదం నాకు తెలియజెప్పింది.

ఒక సంక్రాంతి పండుగకు మా బంధువులు అచ్యుతాపురంలోని మా ఇంట్లో కలుసుకొన్నారు. మా పెద్దన్నయ్య తాను బైండు చేయించి దాచుకొన్న పాత ‘చందమామ’ సంపుటాన్ని వెంట తెచ్చారు. ఇంటర్మీడియట్ చదువుతున్న ఆయన మనవరాలి చేతిలో జపాను దేశపు బొమ్మల కథల పుస్తకం ఒకటి, తాను బొమ్మలు గీసుకొన్న నోటుపుస్తకం ఒకటి ఉన్నాయి. అన్నయ్య ఆ రెండింటినీ తిరగేసి, “ముఖాలన్నీ ఒక్కలాగే ఉన్నాయేమే! చారెడేసి కళ్ళు, సూదిమొన వంటి ముక్కు. రంగు కూడా లేదు. మా వపా గారి బొమ్మ చూడు, పైట చెంగులో గాలి కనబడుతుంది” అన్నారు. ఆ పిల్ల వెంటనే, “తాతయ్యా, మీ చందమామలో రాకుమారులందరిదీ ఒకటే ముఖం కదా! కిరీటాలు తీసేస్తే ఎవరెవరో పోల్చగలవా?” అన్నది. “అవి బొమ్మలు. ఇవి గీతలు” అని అన్నయ్య తీర్పు చెప్పారు. ఆమె మారు మాట్లాడకుండా తన నోటుపుస్తకాన్ని సంచిలో పెట్టేసుకొన్నది. వాదం ముగిసింది గాని, ఆ పుస్తకం మూసుకోవడం నా మనస్సును కలవరపెట్టింది.

అన్నయ్య పక్షంలో బలం లేకపోలేదు. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో ప్రారంభించిన ‘చందమామ’ కొన్ని తరాల తెలుగు పిల్లలకు కథలతోపాటు కంటిచూపును కూడా నేర్పింది. చిత్రా గారు గీసిన కోటలు, గుహలు, రాక్షసులు లేకుండా దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలను ఊహించుకోలేము. 1952లో ఆ పత్రికలో చేరిన శంకర్ గారు, భుజాన శవంతో, చేత కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుణ్ణి మన కళ్ళలో శాశ్వతంగా నిలిపారు. ఇక వడ్డాది పాపయ్య గారు మనకు మరీ దగ్గరివారు. 1921లో శ్రీకాకుళంలో జన్మించిన ఆ మహనీయుడు మన అనకాపల్లి పక్కనున్న కశింకోటలో స్థిరపడి, 1992లో కన్నుమూశారు. ‘వపా’ అన్న రెండక్షరాల సంతకంతో ఆయన వేసిన ముఖచిత్రాలలో రంగులు ఒకదానిలో ఒకటి మంచులా కరిగిపోతాయి. ‘చందమామ’ ముద్రణ 2013 నాటికి ఆగిపోయినా, ఆ ముఖచిత్రాలను భద్రపరచుకొన్నవారు నేటికీ ఉన్నారు.

మనవరాలి పక్షానికీ చరిత్ర ఉన్నది. అదే 1947వ సంవత్సరంలో జపానులో ఒసాము తెజుకా అనే యువకుడు గీసిన ‘కొత్త నిధుల దీవి’ వెలువడి, అక్కడి బొమ్మల కథలకు కొత్త నడకను నేర్పింది. ఆ కథలను ‘మాంగా’ అంటారు. అవి ఎక్కువగా నలుపు తెలుపులలోనే అచ్చవుతాయి; కుడి నుండి ఎడమకు సాగుతాయి. వాటిలో పుట మొత్తం ఒక చిత్రం కాదు, కొన్ని గడుల సముదాయం. ఒక గడికీ మరొక గడికీ నడుమ ఉన్న ఖాళీలో కాలం గడుస్తుంది. అక్కడ ఏమి జరిగిందో పాఠకుడే పూరించుకోవాలి. మన తెలుగులోనూ ఈ విద్య తెలిసినవారున్నారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి కుమారుడు బుజ్జాయి గారు ‘డుంబు’ను సృష్టించారు; పంచతంత్ర కథలను గడులలోకి మార్చి ఆంగ్ల వారపత్రిక ద్వారా దేశమంతటికీ అందించారు.

బొమ్మను చూసే కళ్ళలోని ఈ భేదాన్ని మన ప్రాచీనులు ఏనాడో గుర్తించారు. విష్ణుధర్మోత్తర పురాణంలో ‘చిత్రసూత్రం’ అనే భాగమున్నది. ఆచార్యులు రేఖను మెచ్చుకొంటారనీ, విచక్షణులు వెలుగునీడల పొందికను మెచ్చుకొంటారనీ, స్త్రీలు ఆభరణాలను కోరుకొంటారనీ, తక్కినవారు రంగుల నిండుదనానికి మురిసిపోతారనీ అందులో చెప్పబడింది. స్త్రీలను గురించిన మాటను ఆ కాలపు అభిప్రాయంగా పక్కన ఉంచుదాం. మనం గ్రహించవలసింది ఒకటే: ఒకే చిత్రం ముందు నిలిచిన నలుగురు నాలుగు వేర్వేరు గుణాలను వెదకుతారు. అన్నయ్య వర్ణాన్ని వెదికారు, మనవరాలు రేఖను వెదికింది. ఎవరికి కావలసింది వారికి కనబడింది. ఎదుటివారు చూస్తున్నదేమిటో మాత్రం ఇద్దరూ అడగలేదు.

ఒక ప్రక్రియను మరొక ప్రక్రియ కొలబద్దతో కొలవరాదు. సాహిత్య విద్యార్థులకు ఇది సులభంగా బోధపడుతుంది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో రచించాడు. శ్రీనాథుడు సీసపద్యానికి పేరుపొందాడు. ద్విపద కథను వెంటబెట్టుకొని పరుగెత్తుతుంది. సీసం ఒక దృశ్యం ముందు మనలను నిలబెట్టి తనివితీరా చూపిస్తుంది. సీసంలోని సమాసాల జిలుగు ద్విపదలో లేదని సోమనను నిందించడం న్యాయమా? వపా గారి ముఖచిత్రం సీసం వంటిది. బొమ్మల కథలోని గడి ద్విపద వంటిది. చూపును తనలోనే నిలుపుకోవడం మొదటిదాని ధర్మం. చూపును తరువాతి గడికి నడిపించడం రెండవదాని ధర్మం. గడిగడిలోనూ ముఖచిత్రమంత అలంకరణ నింపితే కథ అడుగు తీసి అడుగు వేయలేదు.

పెద్ద కళ్ళను గురించిన ఆక్షేపణ నాకు కొంత వినోదాన్ని కలిగించింది. ఆకర్ణాంత నేత్రాలను వర్ణించని ప్రబంధకవి ఎవరు? లేపాక్షి కుడ్యచిత్రాలలోని స్త్రీల కళ్ళు లోకంలో ఎవరికున్నాయి? బాపు గారి బొమ్మలోని కళ్ళను మనం అందానికే ఉపమానంగా చెప్పుకోవడం లేదా? కళ్ళను పెంచి గీయడం అన్ని చోట్లా ఉన్న ఒక కవిసమయం. మనకు అలవాటైన అతిశయోక్తి సహజంగా తోస్తుంది; అలవాటులేనిది వికృతంగా తోస్తుంది. ఇక్కడ తీర్పు చెప్పినది వివేకం కాదు, అలవాటు.

పండుగ మరునాడు నేను ఆ పిల్లను బతిమాలి నోటుపుస్తకం తెరిపించాను. ఒక పుటలో ఆరు గడులున్నాయి. మాటలు లేవు. మా ఊరి ఆర్థిక మండలి నుండి రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే బస్సు అది. మొదటి గడిలో మసకబారిన కిటికీ అద్దం. తరువాత ఒడిలో ఖాళీ క్యారేజీ, ఒకరి భుజంపై ఒకరు వాల్చిన తలలు, నిద్రలోనూ కమ్మీని వదలని ఒక చేయి. అయిదవ గడిలో దిగుతున్న పాదాలు. ఆరవ గడిలో ఖాళీ సీటు మీద మరచిపోయిన ఒక మల్లెపూవు. దుస్తుల కర్మాగారాలకు వెళ్ళే ఆడవారిని నేను ప్రతిరోజూ చూస్తూనే ఉన్నాను. వారి అలసటను అంత నిశ్శబ్దంగా చెప్పిన రచనను మాత్రం అంతకుముందు చూడలేదు. ఆ పుటను అన్నయ్య ముందుంచి, ఒక్కొక్క గడి దగ్గర ఆగుతూ చూడమన్నాను. ఆయన చాలాసేపు చూసి, “కథ తెలిసిందమ్మా. పూవు దగ్గర గుండె పట్టేసింది. కళ్ళు మాత్రం నాకిప్పటికీ నచ్చలేదు” అన్నారు. ఆమె నవ్వింది. అన్నయ్య రుచి మారలేదు, తీర్పు మారింది. అంతకంటె ఎవరినైనా ఏమి కోరగలం?

అలాగని కొత్తదంతా మంచిదని నా అభిప్రాయం కాదు. కంప్యూటరు రంగులు వచ్చిన తరువాత బలహీనమైన గీతను తళుకుల వెనుక దాచడం తేలికైంది. ప్రతి వీరుడికీ ఒకే కండలు, ప్రతి దేవుడికీ ఒకే ఛాయ, ఏ గడి తరువాత ఏది చదవాలో తెలియని అయోమయం నేటి పుస్తకాలు కొన్నింటిలో ఉన్నాయి. మా అనకాపల్లి ప్రాంతంలో బెల్లం అనుభవం ఉన్నవారికి ఒక సంగతి తెలుసు. రంగు తేరడానికి కొందరు మందు కలుపుతారు. పసిమి చూసి కొన్నవాడు మోసపోవచ్చు. నాలుక మీద వేసుకొన్నవాడు మోసపోడు. బొమ్మకు అటువంటి పరీక్ష ఒకటున్నది. భాగవతంలో ఉష తన కలలోని యువకుడెవరో తెలియక పరితపిస్తే, చెలికత్తె చిత్రరేఖ అనేకుల రూపాలు గీసి చూపించింది. అనిరుద్ధుని రూపం చూడగానే ఉష సిగ్గుతో తల వంచింది. ఆ బొమ్మ ఏ పని కోసం పుట్టిందో ఆ పని నెరవేరింది. అదే దాని గొప్పదనం.

కాళిదాసంతటివాడు సైతం తన నాటకాన్ని కొత్తదన్న కారణంతో తోసిపుచ్చవద్దని ‘మాళవికాగ్నిమిత్రం’ ప్రస్తావనలో చెప్పించవలసి వచ్చింది. కనుక ఏ బొమ్మ ఎదురైనా మూడు ప్రశ్నలు వేసుకొందాం. ఇది ఏమి చేయదలచింది? దానిని చేయగలిగిందా? నాకు నచ్చకపోవడానికి కారణం బొమ్మలో ఉన్నదా, నా అలవాటులో ఉన్నదా? రుచి ఎవరికి వారిదే, దానిని మార్చుకోనక్కరలేదు. కారణం చెప్పగల రుచి పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. కారణం చెప్పలేని రుచి, పెద్దరికం తోడైనప్పుడు, గీస్తున్న చేతిని ఆపివేస్తుంది. నచ్చలేదని చెప్పే హక్కు అందరికీ ఉన్నది. ఎందుకో చెప్పవలసిన బాధ్యత కూడా ఆ హక్కుతోపాటే వస్తుంది.