ఎండ తాగని ఉప్పు

జూన్ 8, 2025, ఆదివారం

సముద్రపు చేపల ట్యాంకు వచ్చింది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచుదాకా నింపితే 190 లీటర్లు. నీళ్ల బరువే 190 కిలోల పైమాట, గాజు, రాళ్లు, ఇసుక వేరే. అందుకే కింద దూలం ఉన్న లోపలి గోడకి ఆనించి ఇనుప స్టాండు వేయించాను. కిటికీ పక్కన పెడితే ఎండకి నీళ్లు కాగుతాయి, నాచు పెరుగుతుంది.

నాన్న తన పాత రసమట్టం తెచ్చి స్టాండు నాలుగు మూలలా పెట్టి చూశారు. ఒక కాలు కింద రేకుముక్క దూర్చేదాకా ఒప్పుకోలేదు. నౌపడ ఉప్పు మడుల్లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. నేల వాలు ఆయన కంటికి వెంటనే తెలుస్తుంది. విశాఖ వచ్చి రెండేళ్లైంది. పొద్దంతా బాల్కనీలో కూర్చుని ఎండకేసి చూస్తూ ఉంటారు.

“సముద్రం రెండు కిలోమీటర్లు లేదు కదమ్మీ. నాలుగు బిందెలు తెచ్చుకుంటే సరిపోద్ది కదేటి?” అన్నారు.

ఒడ్డున దొరికే నీళ్లలో ఊరి కాలవలు కలుస్తాయి, ఓడల నూనె కలుస్తుంది. వాన పడితే ఉప్పు పలచబడుతుంది. చేపకి అంటుకునే పురుగులూ ఉండొచ్చు. అందుకే ఇంట్లోనే కలుపుకుంటానని చెప్పాను. నమ్మినట్టు లేదు.

జూన్ 10

ఉప్పు కలిపాను. రాళ్లూ ఇసుకా పోను దాదాపు 160 లీటర్ల నీళ్లు పడతాయి. లీటరుకి 36 గ్రాములు, మొత్తం ఆరు కిలోలకి కాస్త తక్కువ. నీళ్లు మామూలు కుళాయివి కావు. ఆర్‌ఓ, డిఐ వడపోతలు రెండూ దాటి వచ్చినవి, టీడీఎస్ మీటరులో సున్నా.

నాన్న ఉప్పు సంచీలో చెయ్యి పెట్టి, నాలుక మీద వేసుకుని, “ఇందులో చేదుంది” అన్నారు. అవును, ఉంది. ఆ చేదు మెగ్నీషియం. మడిలో నీళ్ల చిక్కదనం బోమే డిగ్రీల్లో 25కి చేరితే ఉప్పు పడుతుందట. 29 దాటితే మిగిలిన చేదునీళ్లు బయటికి వదిలేస్తారట, లేకపోతే ఉప్పు పాడవుతుంది. అంటే మన వంటింటి ఉప్పు సముద్రంలో ఒక భాగం మాత్రమే. అలా వదిలేసిన చేదునీళ్లలోనే మెగ్నీషియం, పొటాషియం ఉండిపోతాయి. వంటింటి ఉప్పుతో అక్వేరియం ఎందుకు నడవదో పుస్తకాలు చదివి తెలుసుకున్నాను. ఆయన నాలుకతో చెప్పారు.

ఉప్పునీళ్ల చిక్కదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు చూపించాను. 1.025. ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. “మా దగ్గర గాజు బోమే గొట్టం నీళ్లలో తేలేది. పని ఒకటే” అన్నారు.

జూన్ 15

ఒక దుకాణంలో “సముద్రంలోంచి తీసిన అసలు రాయి” అని లోపలి గదిలోంచి పగడపు రాళ్లు తెచ్చి చూపించారు. అందంగా ఉన్నాయి. వద్దని వచ్చేశాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దిబ్బలు కట్టే పగడాలని 2001లో మొదటి షెడ్యూలులో చేర్చారు. సముద్రపు గుర్రాలనీ అప్పుడే చేర్చారు. చట్టం అలా ఉంచినా, దిబ్బని పగలగొట్టి తెచ్చి హాల్లో దిబ్బ కట్టడం నాకు మనస్కరించలేదు. మనుషులు తయారుచేసిన రంధ్రాల రాయి కొన్నాను. బోడిగా, తెల్లగా ఉంది. ప్రాణం దానంతటదే పట్టాలి.

సీసాలో అమ్మే బ్యాక్టీరియా పోశాను. వాటికి తిండిగా రెండు పీపీఎం అమ్మోనియా వేశాను. చేపలు లేవు. పంపు తిరుగుతోంది, ఖాళీ నీళ్లు కదులుతున్నాయి.

జూన్ 24

అమ్మోనియా పరీక్షలో ఆకుపచ్చ తగ్గుతోంది. నైట్రైట్ సీసా ఊదారంగుకి తిరిగింది. అంటే మొదటి గుంపు బ్యాక్టీరియా పని మొదలుపెట్టింది, రెండో గుంపు ఇంకా లేవలేదు. చేప వదిలే అమ్మోనియా విషాన్ని మొదటి గుంపు నైట్రైట్ చేస్తుంది, రెండోది దాన్ని అంత హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండూ నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతకుముందు చేపని వేస్తే తన మలినంలో తానే ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

నీళ్లు 30 డిగ్రీలకి ఎక్కాయి. పైన చిన్న ఫ్యాను బిగించాను. సాయంత్రానికి 27.

జూలై 6, ఆదివారం

తప్పు చేశాను. ఫ్యాను పెట్టినప్పటినుంచి రోజుకి రెండు లీటర్లు తగ్గుతున్నాయి. తగ్గినంతా కలిపి ఉంచిన ఉప్పునీళ్లతోనే నింపుతూ వచ్చాను. ఇవాళ అంచున తెల్లగా పేరుకున్న ఉప్పుని నాన్న గోరుతో గీకి, “నీలు ముదిరిపోతున్నాయి” అన్నారు. చూస్తే 1.029.

“ఎండ నీల్నే తాగుద్దమ్మీ. ఉప్పుని తాగదు. నువ్వు రోజూ ఉప్పు పోస్తున్నావు” అన్నారు.

ముప్పై ఏళ్లు ఆయన చేసింది అదే. నీళ్లని ఎండకిచ్చి ఉప్పుని ఆపుకోవడం. నా ట్యాంకులో ఆ పని ఫ్యాను చేస్తోంది, నేను గమనించలేదు. చేపలు లేవు కాబట్టి సరిపోయింది. ఒక్కసారిగా మార్చకుండా, రోజుకి నాలుగు లీటర్లు ఉప్పునీళ్లు తీసి అంతే మంచినీళ్లు పోస్తూ ఆరు రోజుల్లో దింపాలి.

చీటీ మీద రాసి గోడకి అంటించాను: తోడిన నీళ్లకి ఉప్పునీళ్లు. ఇగిరిన నీళ్లకి మంచినీళ్లు.

జూలై 14

1.025కి వచ్చింది. ఇసుక మీద గోధుమరంగు పొర. డయాటమ్‌లు. కొత్త ట్యాంకులో సిలికా తిని పెరుగుతాయి, అది అయిపోతే వెనక్కి తగ్గుతాయి. మందులేమీ వెయ్యలేదు.

జూలై 22

నిన్న మళ్లీ అమ్మోనియా వేశాను. ఇరవైనాలుగు గంటల్లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ మాత్రం 20. ముప్పై లీటర్లు తోడి కొత్త ఉప్పునీళ్లు పోశాను. ముప్పైఏడు రోజులు ఖాళీ నీళ్లని సాకాను. అవి ఖాళీవి కావని ఇవాళ తెలిసింది.

జూలై 26, శనివారం

రెండు క్లౌన్ చేపలు. సముద్రంలో పట్టినవి కావు, హేచరీలో పుట్టినవి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని పొదిగించే పద్ధతి సాధించింది కాబట్టే ఇలా దొరుకుతున్నాయి. చేపలు వచ్చిన సంచీలోకి సన్నటి గొట్టంతో చుక్కలు చుక్కలుగా గంటసేపు మన నీళ్లు వదిలి, తర్వాత దింపాను. పుట్టుకతో రెండూ మగవే. వీటిలో పెత్తనం చేసేది పెరిగి ఆడది అవుతుంది.

నాన్నకి ఇంకొకటి చెప్పాను. చెరువు చేప నీళ్లు తాగదు, ఒళ్లే పీల్చుకుంటుంది. సముద్రపు చేప ఒంట్లో నీళ్లని చుట్టూ ఉన్న ఉప్పు లాగేస్తుంది కాబట్టి అది సముద్రాన్నే తాగి, మొప్పల్లోంచి ఉప్పుని బయటికి నెట్టేస్తుంది. నీళ్లు ముదిరితే దానికి ఆ చాకిరీ పెరుగుతుంది.

ఆయన చేపలకేసి చాలాసేపు చూశారు. “అయితే దానికీ ఉప్పు పనే” అన్నారు.

ఆగస్టు 3, ఆదివారం

పొద్దున్నే లేచేసరికి బాల్కనీలో కుర్చీ ఖాళీ. నాన్న ట్యాంకు ముందు ఉన్నారు. గాజు మీద నీలం టేపు ముక్క అంటించారు, నీటిమట్టం గుర్తు. చెంబుతో మంచినీళ్లు పోస్తున్నారు, పవర్‌హెడ్ పంపు నీళ్లని తోసే చోట, చేపల మీద పడకుండా. మట్టం టేపు పై అంచుకి తాకగానే చెయ్యి ఆగింది. రిఫ్రాక్టోమీటరు తీసి చూశాను.

1.025.

“సూడక్కర్లేదు” అన్నారు.