గుత్ప దించే వేళ

ఎక్కడో ఊరేగింపు మీద లాఠీలు లేస్తాయి, రాళ్ళు పడతాయి, నాలుగు బస్సులు తగలబడతాయి. ఆ రాత్రికల్లా మనం రెండు జట్లుగా చీలిపోతాం. ఒక జట్టు కాలిన బస్సునే చూస్తుంది. రెండో జట్టు ఆ మంట దాకా వచ్చిన కోపాన్నే చూస్తుంది. ఎవరు నోరు తెరిచినా ప్రశ్న ఒక్కటే: హింస తప్పా, ఒప్పా? ఆ ప్రశ్న వింటున్నప్పుడల్లా నా మనసు జనగామ పల్లెల వైపు పోతుంది. 1946 నుంచి 1951 దాకా, తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన ఏళ్ళలో, ఆ ఊళ్ళలో బతికినవాళ్ళకు ఈ ప్రశ్న వేసుకునే తీరిక దొరకలేదు. దొర మనుషులో, నిజాం కొమ్ముకాసే రజాకార్లో వాకిట్లో నిలబడ్డప్పుడు గుత్ప, అంటే చేతికర్ర, ఎత్తక తప్పలేదు. వాళ్ళను వేధించిన ప్రశ్న వేరు. ఎత్తిన గుత్పను ఎప్పుడు దించాలి?

మన శిక్షాస్మృతి కూడా నిజానికి ఈ వేళ గురించే ఎక్కువ మాట్లాడుతుంది. 1860 నాటి చట్టంలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా వచ్చాయి. మనిషి తన ప్రాణాన్నీ, పక్కవాడి ప్రాణాన్నీ, ఆస్తినీ కాపాడుకోవచ్చు. ప్రమాదం ముంచుకొస్తోందన్న సహేతుకమైన భయం కలిగిన క్షణాన ఆ హక్కు పుడుతుంది. ఆ భయం ఉన్నంతసేపే బతుకుతుంది. కాపాడుకోవడానికి అవసరమైన దాన్ని మించి ఒక్క దెబ్బ కూడా కొట్టకూడదు. అధికారుల దగ్గరికి వెళ్ళే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. నాకు ఎంతో నచ్చిన చట్టం ఇది. అయితే ఇది పొలం గట్టు మీద ఇద్దరు తలపడే దృశ్యాన్ని మనసులో పెట్టుకుని రాసిన చట్టంలా కనిపిస్తుంది. భయం ఒక క్షణంలో కాక ఏళ్ళ తరబడి ఊరంతటినీ పట్టుకుంటే? ఫిర్యాదు అందుకోవాల్సిన అధికారే దొర గడీలో విందుకు కూర్చుంటే?

గాంధీకి ఈ చిక్కు తెలుసు. పిరికితనానికీ హింసకూ మధ్య తప్ప వేరే దారి లేనప్పుడు హింసనే ఎంచుకొమ్మంటానని 1920లో రాసింది ఆయనే. రెండేళ్ళు తిరగకుండానే, 1922 ఫిబ్రవరిలో, చౌరీచౌరా జరిగింది. మొదట కాల్చింది పోలీసులే. జనంలో మనుషులు చనిపోయారు. తూటాలు అయిపోయి పోలీసులు ఠాణాలోకి పారిపోయి తలుపులేసుకున్నారు. అప్పుడు ఠాణాకు నిప్పంటుకుంది, 22 మంది పోలీసులు చనిపోయారు. కొద్దిరోజుల్లోనే గాంధీ దేశవ్యాప్త సహాయ నిరాకరణనే ఆపేశారు. ఒక్క ఊరి తప్పుకు దేశమంతటినీ శిక్షించారని అప్పుడు చాలామంది కోప్పడ్డారు, ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. తర్వాత ఆ కేసులో 19 మందిని ఉరితీశారు, వాళ్ళ పేర్లు చాలాకాలం ఎవరూ తలవలేదు. కానీ నేను ఎన్నిసార్లు ఆ సంఘటన చదివినా నా చూపు తూటాలు అయిపోయిన ఆ క్షణం దగ్గరే ఆగిపోతుంది. అంతకుముందు జనం రాళ్ళు విసిరారంటే ప్రాణం కోసం. తలుపు మూసుకున్న తర్వాత పడిన నిప్పు మరి దేనికోసం? రెంటికీ నడుమ గడిచింది కొన్ని నిమిషాలే.

తెలంగాణలో ఆ నిమిషాలు అయిదేళ్ళ పొడవు సాగాయి.

1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా పోతున్న జనం మీద విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అప్పటికే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా సంగం వాళ్ళు అడ్డం నిలిచి ఆమె ఇంటికి చేర్చి ఉన్నారు. ఆంధ్ర మహాసభను పల్లెల్లో జనం గుత్పల సంగం అన్నారు. కర్ర లేకుండా సంగపోళ్ళు కనిపించేవారు కాదు మరి. మగవాళ్ళ చేతిలో గుత్ప, కుర్రాళ్ళ చేతిలో వడిసెల, ఆడవాళ్ళ కొంగున కారప్పొడి, వాకిళ్ళలో రాళ్ళ కుప్పలు. వెట్టి చెయ్యమని పిలుపు వస్తే పోకుండా నిలబడటానికి ఉన్న బలం అదే.

ఈ ఆయుధాల గురించి నేను చాలా ఆలోచించాను. రాళ్ళూ కారప్పొడీ ఊరంతా కలిస్తే తప్ప పనిచెయ్యవు. ఒక్కడు వడిసెల తిప్పితే గుర్రం మీది దొర నవ్వుకుంటాడు, మూడొందల మంది తిప్పితే గుర్రం వెనక్కి తిరుగుతుంది. అందుకే ఆ పోరులో కొట్టాలా వద్దా అన్నది ఊరే తేల్చుకునేది. ముసలివాళ్ళు వద్దంటే ఆగేవారు. పొద్దుగూకితే కర్ర మూలకు చేరేది, పశువులు కొట్టంలోకి చేరేవి, పొయ్యి వెలిగేది. తుపాకీ అలా కాదు. దానికి పది మంది చాలు. ఆ పది మందీ అడవిలో ఉంటారు, వాళ్ళతో ఊరు మాట్లాడేది ఎప్పుడో ఒక రాత్రి, అదీ గుసగుసగా. కొట్టడమా ఆగడమా అన్న నిర్ణయం ఊరి నడుమ నుంచి కదిలి దళంలోకి వెళ్ళిపోతుంది. అయినా తుపాకీ పట్టినవాళ్ళను నేను తప్పుపట్టను. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చేనాటికి ఎదురుగా ఉన్నది గుర్రం మీది దొర ఒక్కడే కాదు, నిజాం పోలీసు, సైన్యం, కాసిం రజ్వీ రజాకార్లు. వడిసెలతో ఎదుర్కోగలిగినవి కావవి.

బైరాన్‌పల్లి బురుజు ఎక్కి చుట్టూ చూసినప్పుడు ఇది మరీ స్పష్టంగా తోచింది. పక్క ఊరిని దోచుకుని పోతున్న రజాకార్లను ఆ ఊరి రక్షణ దళం అడ్డగించి సొత్తు వెనక్కి తెచ్చింది. దాంతో రజాకార్లు పగబట్టారు. ఒకటికి రెండుసార్లు దాడికొస్తే ఊరు తిప్పికొట్టింది. బురుజు మీద కాపలా, నగారా మోగితే జనమంతా ఒకచోటికి చేరడం, ఇదీ వాళ్ళ ఏర్పాటు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు నిజాం సైన్యాన్నీ ఫిరంగులనూ వెంటబెట్టుకుని వచ్చారు. చనిపోయినవాళ్ళ లెక్క ఒక్కో పుస్తకంలో ఒక్కో తీరుగా ఉంది, 96 మంది అన్నది ఎక్కువగా కనిపిస్తుంది. పట్టుబడ్డవాళ్ళను వరుసగా నిలబెట్టి కాల్చారు. ఆత్మరక్షణకు ఇంతకన్నా నిక్కమైన నిదర్శనం నాకు తెలియదు. బురుజు ఎక్కడికీ నడిచిపోదు, ఎవరి ఊరి మీదా పడదు. వచ్చినవాడినే ఆపుతుంది. ఆ ఊరివాళ్ళు ముందే గుత్పలు దించేసి ఉంటే బతికేవారు కదా అని ఎవరైనా అంటే, ఆ మాట అక్కడ, చనిపోయినవాళ్ళ స్తూపం ముందు నిలబడి అనగలరా అని అడగాలనిపిస్తుంది.

సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబర్ 17న, యూనియన్ సైన్యానికి నిజాం లొంగిపోయాడు. రజాకార్ల భయం తీరింది. భయం తీరినచోట హక్కు కూడా తీరిపోవాలి. కానీ ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ ప్రాంతాల్లో ఆ వారాల్లో జరిగింది వేరు. రజాకార్లు చేసిన దానికి రజాకార్లు కాని ముస్లింల మీద పగ తీర్చుకున్నారు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం ఊరూరూ తిరిగి 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపలేదు. బైరాన్‌పల్లి గురించి గర్వంగా మాట్లాడే మనం ఈ సంగతి వచ్చేసరికి గొంతు తగ్గిస్తాం. తగ్గించకూడదని నా నమ్మకం. బైరాన్‌పల్లివాళ్ళ చావుకు బదులుగా ఎక్కడో ఉస్మానాబాద్‌లో ఒక ముస్లిం రైతును చంపితే బైరాన్‌పల్లికి దక్కిన న్యాయం ఏమీ లేదు. పైగా వాళ్ళు ఏ చేతుల నుంచి ఊరిని కాపాడుకున్నారో అలాంటి చేతులే మనకూ మొలిచాయని ఒప్పుకోవాల్సి వస్తుంది.

అదే నివేదికలో ఉన్న ఇంకో సంగతి నన్ను ఎంతోకాలంగా పట్టుకుని ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్ళు తమతోపాటు మగ్గం నేసే ముస్లింలకు అడ్డం నిలిచారు. బయటి నుంచి వచ్చిన హిందూ మూకలతో తలపడి, తమ ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. వాళ్ళ మీదికి ఎవరూ రాలేదు. తలుపేసుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. పక్కవాడి ప్రాణం కోసం కూడా చెయ్యెత్తవచ్చని చట్టం చెప్పే ఆ చిన్న ముక్క వాళ్ళ వల్ల నాకు సజీవంగా కనిపించింది.

తెలంగాణ దళాల ముందు 1948 సెప్టెంబర్ తర్వాత నిలిచిన ప్రశ్నే అన్నిటికన్నా కష్టమైనది. రావి నారాయణరెడ్డి వాదన సూటిగా ఉంది. నిజాం పోయాడు, జనం యూనియన్ సైన్యాన్ని విమోచన చేసినవాళ్ళుగా చూస్తున్నారు, ఇక తుపాకీ దించాలి. పిలుపునిచ్చిన ముగ్గురిలో ఒకడు ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. సొంత కమ్యూనిస్టు పార్టీలోనే ఆయన ఎన్నో మాటలు పడ్డాడు. సుందరయ్య, చండ్ర రాజేశ్వరరావు, బసవపున్నయ్య వంటి నాయకుల వైపు నుంచి వచ్చిన జవాబూ అంతే సూటిగా ఉంది. పారిపోయిన దొరలు సైన్యం వెనకాలే తిరిగొస్తున్నారు, పంచిన భూములు గుంజుకుంటున్నారు, భయం ఎక్కడ తీరింది? పోరు మరో మూడేళ్ళు సాగి 1951 అక్టోబర్‌లో ఆగింది. 4,000 మంది దాకా చనిపోయారని పార్టీ లెక్క. అందులో చాలామంది ఈ రెండో అంకంలోనే పోయారు.

ఈ వాదంలో నేను రావి నారాయణరెడ్డి వైపే మొగ్గుతాను. ఆ చివరి ఏళ్ళలో ఊళ్ళు దళాల నుంచి దూరమయ్యాయి. పోలీసు ఏజెంటని అనుమానం వస్తే చాలు, ఊరి పంచాయితీ లేకుండానే మనుషులు చచ్చిపోయారు. ఊరంతా చూస్తుండగా పగటిపూట గుత్ప ఎత్తిన సంగం ఆ పని చేసి ఉండేది కాదు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో అడవిలో తిరిగిన ఆడవాళ్ళు మాట్లాడారు. పోరు ఆగిపోయిందని, ఇళ్ళకు పొమ్మని చెప్పినప్పుడు తమ గతేమిటని వాళ్ళు పడిన బాధ చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. తుపాకీ దించే నిర్ణయం కూడా, ఎత్తే నిర్ణయంలాగే, వాళ్ళను అడగకుండానే జరిగింది.

1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్ళాడు. అదే ఏడు సుందరయ్య రాజ్యసభలో కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1972లో సుందరయ్య, 1973లో రావి నారాయణరెడ్డి ఆ పోరాటం గురించి చెరో పుస్తకం తెచ్చారు. అప్పటికీ ఇద్దరికీ కుదరలేదు. వాటిని పక్కపక్కనే పెట్టుకుని చదివినప్పుడు, ఎప్పుడు దించాలన్న దగ్గర రావి నారాయణరెడ్డి మాటే నాకు నిజమనిపిస్తుంది. దించితే భూమి ఎవరు కాపాడతారన్న సుందరయ్య ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది. దానికి సర్కారు ఇచ్చిన జవాబు 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం. ఆ చట్టం ప్రకారం రక్షిత కౌలుదార్లుగా రాసుకున్నవాళ్ళలో కొందరి మనవళ్ళు, మునిమనవళ్ళు తాతల నాటి 38-ఇ యాజమాన్య సర్టిఫికెట్ పట్టుకుని ఇప్పటికీ తహసీల్ ఆఫీసుకూ కోర్టుకూ మధ్య తిరుగుతూనే ఉన్నారు.