మూడో భాగంలో ఆగిన పుస్తకం

మీకు బాగా నచ్చిన కథను ఎప్పుడైనా తెరమీద చూశారా? చూసి, "ఇది ఆ కథ కాదే!" అనుకున్నారా? 1994లో నాకు అలాగే అనిపించింది. అప్పుడు మేము భిలాయిలోని నెహ్రూ నగర్‌లో ఉండేవాళ్ళం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది 2000లో. అంతవరకు ఆ ఊరు మధ్యప్రదేశ్‌లోనే ఉండేది.

నాన్నగారు ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు. అమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. తెలుగు కూడబలుక్కుని చదివేది. హిందీ అక్షరం ఒక్కటీ తెలియదు. బజారులో బోర్డులన్నీ హిందీలోనే ఉండేవి. నేను రాత్రిపూట దేవకీనందన్ ఖత్రీ రాసిన 'చంద్రకాంత' నవల చదివి, ఆమెకు తెలుగులో చెప్పేవాణ్ణి. 1888లో వచ్చిన నవల అది. దాన్ని చదవడం కోసమే ఎందరో హిందీ నేర్చుకున్నారని అంటారు. మా అమ్మా అంతే. నా వేలి వెంట చూస్తూ చూస్తూ, మూడో భాగానికి వచ్చేసరికి పేర్లు తానే గుర్తుపట్టసాగింది.

నౌగఢ్ యువరాజు వీరేంద్రసింగ్, విజయగఢ్ రాకుమారి చంద్రకాంతల ప్రేమకథ అది. కాని కథను నడిపేది వాళ్ళు కాదు, తేజ్‌సింగ్ వంటి 'అయ్యార్లు'. వేషాలు మార్చడంలో ఆరితేరిన గూఢచారులు వాళ్ళు. ఇక 'తిలిస్మ్' అని ఒక చిక్కుల కట్టడం ఉంది. అందులో, దగ్గరకు వచ్చిన మనిషిని మింగే చలువరాతి కొంగ! అమ్మ హడలిపోయింది. డ్యూటీ దిగివచ్చి అన్నం తింటున్న నాన్నగారు నవ్వి, "మంత్రం కాదు. కాలు పడే చోట కింద మర ఉంటుంది" అన్నారు. నవల చివర ఖత్రీ విప్పి చెప్పిందీ అదే!

ఇంతలో దూరదర్శన్‌లో, ఆదివారం ఉదయాలు, నీర్జా గులేరీ తీసిన 'చంద్రకాంత' సీరియల్ మొదలైంది. ఎంత ఆశగా కూర్చున్నానో! నవలలో లేని మనుషులు వచ్చారు. తెలివితో, మరలతో జరగవలసినవి మాయలతో జరిగాయి. క్రూర్‌సింగ్‌గా అఖిలేంద్ర మిశ్రా బాగా నటించాడు, కాదనను. ఆ కనుబొమ్మలు చూసి మా వీధి పిల్లలు బొగ్గుతో దిద్దుకునేవారు. నేను ఊహించుకున్న తేజ్‌సింగ్ మాత్రం ఎక్కడా కనబడలేదు.

అమ్మకేమో సీరియల్ ఎంతో నచ్చింది. నేను పుస్తకం తీస్తే, "ఆదివారం చూస్తాంలే" అనేది. గుర్తుకోసం పెట్టిన బస్సు టిక్కెట్టు మూడో భాగంలోనే ఉండిపోయింది. నేను అలిగి పుస్తకాన్ని పెట్టెలో పడేశాను. ఇప్పుడిప్పుడే అక్షరాలు పట్టుబడుతున్న మనిషికి పుస్తకం దూరం చేసింది సీరియలా, నా అలకా? మీరే చెప్పండి. ఆ వయసులో నాకు ఆ ప్రశ్నే తోచలేదు.

కొన్ని వారాల తరువాత అమ్మే అడిగింది.

"ఒరే, ఈ వారం కొత్తగా వచ్చినాయన పుస్తకంలో ఉన్నాడేటి?"

"లేడు" అన్నాను. ఆమె నమ్మలేదు. పెట్టె తెరిచి, పుస్తకం తీసి, వరుస వరుసకూ వేలు పెట్టి తానే వెతకడం మొదలుపెట్టింది. నాన్నగారు డ్యూటీనుంచి వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది.

"ఇంకా దొరకలేదు" అంది అమ్మ, తల ఎత్తకుండానే.