ముందు ముద్దపప్పు

ఆస్టిన్‌లో మా గరాజ్‌లో బీరు కాచడం మొదలుపెట్టిన రెండోసారికే నాకు ప్రయోగాల పిచ్చి పట్టింది. మొదటిది మామూలు పేల్ ఏల్, తాగబుల్‌గానే వచ్చింది. ఆ ఊపులో రెండోదాంట్లో ఒక డబ్బా మామిడి గుజ్జు, అల్లం, నాలుగు ఎండుమిరపకాయలు పడేశాను. పులియడం పూర్తయిందో లేదో హైడ్రోమీటర్ ముంచి చూసే ఓపిక లేక సీసాల్లోకి దించేశాను.

పదకొండో రోజు అర్ధరాత్రి గరాజ్‌లో ఢామ్మంది. కాసేపటికి మరొకటి. మా ఆవిడ లైటు వేసి, గోడ మీద పసుపు చారలు చూసి, "ఏమండీ, మా అమ్మ ఇన్నేళ్లుగా మామిడికాయలు జాడీలో పెడుతోంది, ఒక్కటీ పేలలేదు" అంది. పండులో మిగిలిన చక్కెరను మూత బిగించిన సీసాలో ఈస్టు తింటూ పోయింది. పుట్టిన గ్యాసుకు బయటికి దారి లేదు మరి.

పేలనివాటిలో ఒకటి రుచి చూస్తే ముక్కిపోయిన పులుపు. అది మామిడిదా, అల్లానిదా, సరిగ్గా కడగని గొట్టానిదా? ఎవరి మీద కేసు పెట్టాలో తేలలేదు.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. కొత్తగా వంట నేర్చుకునేవాళ్లకి ఆవిడ ముందు ముద్దపప్పు అప్పగించేది. పోపూ మసాలా లేని పప్పులో తప్పు దాక్కోలేదు.

అదే పేల్ ఏల్ మళ్లీ కాచాను. 5 గ్యాలన్లు, అంటే మన 19 లీటర్లు. గంట మరగడం, మొదట్లో చేదుకీ చివర్లో వాసనకీ హాప్స్, 20 డిగ్రీలకు చల్లార్చి ఈస్టు. ఈసారి వెన్న వాసన వచ్చింది. వేరే దినుసేదీ లేదు కాబట్టి దొంగ వెంటనే దొరికాడు: ఈస్టు తను వదిలిన వాసనను తనే శుభ్రం చేసుకునేలోగా నేను తొందరపడ్డాను. ఆ తర్వాతిసారి ఇంకో నాలుగు రోజులు ఆగాను. వెన్న మాయం.

ఇంత సాదా బీరు కాస్తుంటే ధనియాలు వేయాలని చెయ్యి లాగడం తప్పేమీ కాదు. బెల్జియం గోధుమ బీరులో ధనియాలు, నారింజ తొక్క తరతరాలుగా ఉన్నవే. అక్కడి హూగార్డెన్ ఊళ్లో ఆ బీరు 1950ల్లో ఆగిపోతే, పియర్ సెలిస్ అనే పాలవాడు 1960ల్లో దానికి మళ్లీ ప్రాణం పోశాడు. 1992లో మా ఆస్టిన్‌లోనే బ్రూవరీ పెట్టాడు. ఆయన కూడా కొత్తది కనిపెట్టడంతో మొదలుపెట్టలేదు. కుర్రతనంలో తను చూసిన బీరునే ముందు కుదుర్చుకున్నాడు.

తొందరేముంది? ఇండియాలో లైసెన్సు లేకుండా బీరు కాచకూడదు గానీ, ఇక్కడ అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు ఒప్పుకుంటుంది. అంటే నలభై సార్లు కాచుకోవచ్చు. మొదటి నాలుగైదు ముద్దపప్పుకి ఇస్తే ఏం పోయింది?

ఒకే బీరు రెండుసార్లు ఒకేలా కుదిరాక ధనియాల డబ్బా మూత తీయండి. అప్పుడైనా ఓ నాలుగు లీటర్లు వేరే జాడీలోకి తీసి, అందులోనే ఒక్క దినుసు వేయండి. చెడితే నాలుగు లీటర్లే చెడుతుంది. అందాకా ఆ డబ్బా వంటింట్లోనే ఉండనివ్వండి.